అందరి నడుముకీ తువ్వాలే

మా బావ టైలరు. మా అక్క మొగుడు. ఆయన కొట్టులో కింద పడిన సూది తెల్లారేదాకా నేల మీద ఉండదు. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు, తాడు కట్టిన అయస్కాంతాన్ని మూలమూలకీ ఈడుస్తాడు. గుండుసూదులూ, విరిగిన మొనలూ అన్నీ దానికి ముళ్లపందిలా అతుక్కుంటాయి. లెక్క కుదిరినట్టు తల ఊపి, అప్పుడు తాళం వేస్తాడు.

అలాంటి మనిషి కాల్లోనే సూది దిగింది. కారణం వినయం.

మొదటినుంచీ చెప్తాను. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఒక ఆదివారం వినయం మీద వాక్యం చెప్పారు. ఎవరైనా విందుకి పిలిస్తే పోయి పెద్దల పక్కన కూర్చోవద్దు, అందరికంటే చివర కూర్చోమని ప్రభువు చెప్పాడు కదా, ఆ సంగతి. బాగానే చెప్పారు. చెప్పి ఊరుకుంటే పోయేది. "వినయం వినడానికి కాదు, చెయ్యడానికి. ఈ ఏడాదంతా అందరూ సాధన చెయ్యండి" అన్నారు.

మా సంఘం మాట వినే సంఘం. అదే వచ్చిన చిక్కు.

మళ్లీ ఆదివారం హెడ్మాస్టారు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. ఆయన రిటైరై చాలా కాలమైంది కానీ, ఎక్కడ కూర్చున్నా అది బడే. ఎప్పుడూ మొదటి బెంచీ ఆయనది. చివరి బెంచీ, గోడవార చోటు మా బావది. బావ వచ్చి చూసేసరికి తన చోట మాస్టారు కళ్లు మూసుకుని ఉన్నారు.

"మాస్టారూ, అది నా చోటండీ."

"కడపటి చోటు ఎవరిదీ కాదు, టైలరుగారూ. అయ్యగారు చెప్పింది వినలేదా?"

"విన్నాను. అయ్యగారు చెప్పకముందు నుంచీ కూర్చుంటున్నాను."

"అయితే మీరు అలవాటుగా కూర్చున్నారు. నేను వినయంగా కూర్చున్నాను. రెండిటికీ తేడా ఉంది."

మా బావ మొహం మాడిపోయింది. బెంచీ వెనకాల నేల మీద చతికిలబడ్డాడు. ఆరాధన అయ్యేదాకా మాస్టారి వీపు చూస్తూ, లోపల నవ్వుకుంటూ కూర్చున్నాడు. ఆ నవ్వు నేను చూశాను.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. మా దగ్గర వంగినవాడుంటే వాడి కింద దూరేవాడు తయారయ్యాడు. తర్వాతి వారం మాస్టారు గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నారు. ఆ తర్వాత బావ గుమ్మం బయట మెట్టు మీద. బేకరీ పిన్ని అని ఒకావిడ ఉంది, రొట్టెల బట్టీ నడుపుతుంది, గొంతు కూడా బట్టీలాగే ఉంటుంది. ఆవిడ పై మెట్టు మీదున్న బావని చూసి కింది మెట్టు మీద కూర్చుంది. మిగతావాళ్లు తక్కువ తిన్నారా? చూస్తుండగానే సంఘమంతా వీధిలో పడింది. లోపల అయ్యగారు ఒక్కరే. ఖాళీ బెంచీలకి గట్టిగా అరిచి చెప్పేవారు, బయటున్న మాకు వినపడాలని. ముందు బెంచీల్లో ఫ్యాను గాలి కోసం దారిన పోయేవాళ్లు వచ్చి పడుకునేవాళ్లు.

సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఇంకా గొడవ.

"నాకంటే పాపి ఈ సంఘంలో లేదు" అంది బేకరీ పిన్ని ఒకసారి, కింది మెట్టు మీంచి లేచి.

"ఊరుకోమ్మా" అన్నాడు బావ. "నువ్వేం పాపం చేశావు? తెల్లారకముందే లేచి పిండి పిసుకుతావు. పొద్దు గుంకితే గుర్రు పెడతావు. నీకు పాపం చేసే తీరికెక్కడిది?"

"నా పాపాలు నీకేం తెలుసురా? నా లోపల చూశావా?"

"నా లోపల నువ్వు చూశావా? నాదాంట్లో సగం కూడా ఉండదు నీది."

"టైలరుగారూ, పాపం విషయంలో పోటీ పడకూడదు" అన్నారు మాస్టారు. "ఆ మాటకొస్తే నేనే అందరికంటే పెద్ద పాపిని. కానీ నేను చెప్పుకోను."

ఇదీ వరస. అయితే దెబ్బ కొట్టింది మాత్రం మురుగు కాలవ రోజు. మందిరం పక్కన మూత లేని కాలవ ఒకటి ఉంది. దాన్ని బాగు చెయ్యమని నన్ను ఎప్పుడో అడిగారు, గొట్టాలు రాలేదు. నేను కుళాయిల పనివాణ్ణి. ఆ ఆదివారం కాలవ పొంగింది. మెట్లమీదున్నవాళ్లంతా ముక్కులు మూసుకుని జరిగిపోయారు. మాస్టారు నిదానంగా వచ్చి, కాలవ గట్టున రుమాలు పరుచుకుని కూర్చున్నారు. ముక్కు మూసుకోలేదు. మొహం చిట్లించలేదు. పాట కూడా పాడారు, నోరంతా తెరిచి.

అందరూ చేతులెత్తేశారు. అయ్యగారు లోపల్నుంచి వచ్చి చూసి, కళ్లు తుడుచుకున్నారు. "వినయమంటే ఇదీ" అన్నారు.

ఆ పూట మా బావ భోజనం చెయ్యలేదని అక్క చెప్పింది. మర్నాటి నుంచి చెప్పులు మానేశాడు. మందిరానికే కాదు, వీధిలోకీ, కొట్టులోకీ ఉత్త కాళ్లతోనే. ఒక మధ్యాహ్నం దళసరి కోటు కుడుతుంటే మిషను సూది విరిగి మొన ఎగిరింది. అయస్కాంతం వేళకి ఇంకా చాలా టైముంది. లేచి గుడ్డ అందుకోబోయాడు. ఎడమ పాదంలో, చిటికెన వేలి మొదట్లో దిగింది.

లాగి పారేశాడు. దేవుడికి స్తోత్రం అన్నాడు. మళ్లీ మిషను తొక్కాడు.

కొన్నాళ్లకి మా అక్క వంటింటి కుళాయి కారుతోందని కబురు పెట్టింది. పోయి చూస్తే కుళాయి కారడం లేదు. అక్క కళ్లు కారుతున్నాయి.

"తమ్ముడూ, మీ బావ సాక్సు తియ్యట్లేదురా."

"ఊఁ?"

"చెప్పులేమో వేసుకోడు. సాక్సేమో తియ్యడు. స్నానానికి వెళ్తే కాలికి ప్లాస్టిక్ సంచీ కట్టుకుంటాడు. ఏమిటయ్యా ఇది అంటే, ఉత్త కాళ్లతో తిరిగితే అందరూ చూసి మెచ్చుకుంటున్నారు, గర్వం వస్తోంది, అందుకని నా వినయం కనపడకుండా కప్పెట్టాను అంటాడు. పిచ్చిదాన్నా నేను? పక్క మీద వాసన వస్తోందిరా. పండు కుళ్లిన వాసన."

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

"డాక్టరమ్మ?" అన్నాను.

మా వీధి మలుపులోనే డాక్టరమ్మ ఉంది. ఆకుపచ్చ తలుపుల ఇల్లు, ముందు గదిలో వైద్యం. మంచి చెయ్యి. కాకపోతే మాస్టారి కూతురు.

"అదేగా చావు!" అంది అక్క. "ఆ మాట ఎత్తితే, మాస్టారి కూతురి ముందు నేను కాలు చాపాలా, తండ్రికి తెలిస్తే వాక్యం చదివి మరీ జాలిపడతాడు అంటాడు. పోనీ పెద్దాసుపత్రికి పోదామంటే, చిన్న ముల్లుకి అంత హడావిడి చెయ్యడం గర్వమట. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు, దూరపు చెట్టు నీడకి పనికిరాదు. నన్నేం చెయ్యమంటావు?"

నేను కారని కుళాయినే ఇంకోసారి బిగించాను.

"మీ బావ వాళ్ల నాన్నకి ఇట్లాగే అయింది. షుగరు, ఈయనకీ ఉంది. ముందు వేలన్నారు. తర్వాత పాదమన్నారు. తర్వాత మోకాలు. చివరికి మూలన కుర్చీలో కూర్చోబెడితే, కొడుకు కుట్టే బట్టలకి బొత్తాలు కుట్టుకుంటూ పోయాడు. ఈయన మిషను తొక్కేది ఆ కాలితోనే కదరా. ఆ కాలు పోతే ఈయన బతకడు. కుర్చీలో కూర్చుని ఇంకొకళ్ల చేత మంచినీళ్లు తెప్పించుకునే మనిషా? నువ్వు చెప్పు. ఒక్కసారి నోరు విప్పు. నీ మాటంటే వింటాడు."

నా మాట ఎవరూ వినరు. ఎప్పుడైనా మాట్లాడితేగా వినడానికి. అయినా వెళ్లాను. కొట్టులో గంజి వాసన, మిషను నూనె వాసన, వాటి కింద ఇంకో వాసన. బావ మొహం పసుపచ్చగా ఉంది. ఎడమ కాలికి గోధుమరంగు సాక్సు. ఇప్పుడు తొక్కేది కుడికాలితో.

"బావా. కాలు చూపించుకో."

ఆయన మిషను ఆపి నన్ను చూశాడు. నేను అంత పొడుగు మాట మాట్లాడి చాలా కాలమైంది.

"మీ అక్క పంపిందా?"

"ఊఁ."

"చూడు బామ్మర్దీ. ఒకరి కాళ్లు పట్టుకోవడానికి నేను సిద్ధం. ఎవరి కాళ్లయినా సరే. నా కాళ్లు మాత్రం ఒకరికి ఇవ్వను. అది వినయం కాదు. సేవ చేయించుకోవడానికి రాలేదు మనం, చెయ్యడానికొచ్చాం."

ఆ మాట వాక్యంలాగే ఉంది. వచ్చేశాను.

ఇంతలో పాదాలు కడిగే ఆరాధన వచ్చింది. ఏడాదికొకసారి ఉంటుంది. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగాడు కదా, దాని గుర్తుగా. మామూలుగా అయితే వేదిక ముందు ఒక కుర్చీ వేస్తాం. ఒక తొట్టి, ఒక చెంబు. ముసలివాళ్లు వరసగా వచ్చి కూర్చుంటే, అయ్యగారు కడుగుతారు. గోరువెచ్చని నీళ్లు మొయ్యడం నా పని. అయిపోయాక అందరం టీ తాగి ఇళ్లకి పోతాం.

ఈసారి వినయం ఏడాది కదా. అయ్యగారు ముందు వారమే ప్రకటించారు. "కడగాలనుకునేవాళ్లు తువ్వాలు తెచ్చుకోండి. కడిగించుకునేవాళ్లు ఊరికే రండి."

ఆ సాయంత్రం నేను నీళ్లు తీసుకుని లోపలికి పోయేసరికి అందరూ వచ్చి ఉన్నారు. అందరి నడుముకీ తువ్వాళ్లే. తెల్లవి, చారలవి, పూలవి. బేకరీ పిన్ని పిండి సంచీనే కట్టుకొచ్చింది. మాస్టారిది ఇస్త్రీ చేసిన తువ్వాలు, మడతలు నిలబడి ఉన్నాయి. బావ తన తువ్వాలుకి జేబు కుట్టుకొచ్చాడు, సబ్బు పెట్టుకోవడానికి. ఎవరిదో చంటిపిల్ల నడుముకి జేబురుమాలు కట్టారు. అయ్యగారి నడుముకీ తువ్వాలు ఉంది. నాది ఎప్పుడూ భుజం మీద ఉంటుంది. నేనూ నడుముకి దించాను. అందరూ కట్టాక మనం కట్టకపోతే బాగుండదు.

కుర్చీ ఖాళీగా ఉంది.

అయ్యగారు ప్రార్థన చేశారు. ఎవరూ వచ్చి కూర్చోలేదు. పాట పాడించారు. కూర్చోలేదు. ఇంకో పాట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా దగ్గర అడుసు తొక్కినవాడు ఒక్కడూ లేడు, కడుగుతామనేవాళ్లు మందిరం నిండా ఉన్నారు.

"ఎవరైనా రండి" అన్నారు అయ్యగారు.

"మాస్టారూ, మీరు పెద్దవారు, కూర్చోండి" అన్నాడు బావ, తొట్టి పక్కన మోకాళ్లేసి.

"నేనా? మీ చేత పాదాలు కడిగించుకునేంత గొప్పవాణ్ణా? మీరే కూర్చోండి" అన్నారు మాస్టారు, తొట్టికి ఇటుపక్క మోకాళ్లేసి.

"నాకు అర్హత లేదు."

"మీకు లేకపోతే నాకెక్కడిది?"

"ఇద్దరూ జరగండి. అర్హత లేనిదాన్ని నేను, ముందు నన్ను కడగనివ్వండి" అని పిన్ని మధ్యలో దూరింది.

"అయ్యగారూ, మీరైనా కూర్చోండి" అంది ఒకావిడ.

"నేను సేవకులకి సేవకుణ్ణి, తల్లీ. నేనెలా కూర్చుంటాను?"

నీళ్లు చల్లారాయి. నేను పోయి మళ్లీ వేడి చేసి తెచ్చాను. వచ్చేసరికి జనమంతా కుర్చీ చుట్టూ మోకాళ్ల మీద ఉన్నారు. ఖాళీ కుర్చీకి మొక్కుతున్నట్టుంది చూసేవాళ్లకి. ఎవరో ఓపిక పట్టలేక కుర్చీ కాళ్లే కడగడం మొదలుపెట్టారు.

అప్పుడు గుమ్మంలో ఒక కొత్త మనిషి తల పెట్టాడు. చేతిలో సంచీ. కాళ్లకి దుమ్ము పట్టిన బూట్లు.

"ఏమండీ, తాళాలు బాగుచేసే కొట్టు ఎటండీ?"

అందరూ ఒక్కసారి అతని కాళ్లవైపు చూశారు.

ఆ తర్వాత జరిగింది చెప్పడం కష్టం. తువ్వాళ్లన్నీ కలిసి అతని మీద పడ్డాయి. "కూర్చో నాయనా, కూర్చో!" "భయపడకు, కాళ్లు కడగడానికే!" అతను భయపడ్డాడు. ఎవరైనా భయపడతారు. పిన్ని ఒక బూటు పట్టుకుంది. అతను కాలు లాక్కుని, రెండో బూటుతో వీధి వెంట పరుగో పరుగు. సంచీ మాత్రం వదల్లేదు.

పిన్ని చేతిలో బూటు మిగిలింది. ఆవిడ దాన్ని తీసుకొచ్చి తొట్టిలో ముంచి కడిగింది, లోపలా బయటా. తుడిచి గుండెకి హత్తుకుంది. "నాకు ఇదైనా దక్కింది" అంది. అందరూ ఆవిడ వైపు కుళ్లుగా చూశారు.

మా అక్క ఒక్కతే తువ్వాలు లేకుండా గోడకి ఆనుకుని నిలబడింది. బావ కాలి వైపే చూస్తోంది. సాక్సు మీద మచ్చ బయటపడింది. ఆయన మోకాళ్ల మీద ఉంటే పాదం వెనక్కి తిరిగి అందరికీ కనపడుతోంది, కానీ ఎవరికీ చూసే తీరిక లేదు. అక్క నన్ను చూసింది. నోరు విప్పమన్నట్టు చూసింది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచనలు రావు, వస్తే మంచివి కావు. అప్పుడు తెలియలేదు.

వంగి బావ చెవిలో అన్నాను. "బావా. ఎవరూ కూర్చోని చోటు ఇక్కడ ఒక్కటే ఉంది. ఆ కుర్చీ. అందరికంటే కింది చోటు ఇవాళ అదే."

మా బావ కళ్లు పెద్దవయ్యాయి. కుర్చీ చూశాడు. మాస్టార్ని చూశాడు.  కదిలేలా ఉన్నాడు. ఇంకాస్త ఉంటే లేచేవాడే.

కానీ పిన్ని చెవులు పాము చెవులు. "ఏమన్నావూ? కింది చోటు కుర్చీనా?" అని గట్టిగా అంది.

అంతే. మాట మందిరమంతా పాకింది. ఆలోచించి చూస్తే నిజమే కదా అనిపించింది అందరికీ. ఇంతసేపూ కడిగించుకోవడం గొప్ప అనుకున్నవాళ్లు, కడిగించుకోవడమే తగ్గింపు అన్నారు. తువ్వాళ్లు విప్పి గాల్లోకి విసిరారు. కుర్చీ కోసం తోపులాట.

"నేను ముందు లేవబోయాను!" అన్నాడు బావ.

"లేవబోవడం వేరు, లేవడం వేరు!" అని మాస్టారు కుర్చీ చెయ్యి పట్టుకున్నారు.

"జరగండి, నా కాళ్లు అందరికంటే మురికి!" అని పిన్ని మధ్యలోకొచ్చి ఏకంగా కూర్చుంది. ఆవిడ ఒళ్లో మాస్టారు పడ్డారు. మాస్టారి మీద బావ పడ్డాడు. ఇంకెవరెవరో పడ్డారు. అది చెక్క కుర్చీ, నీళ్లకి తడిసి తడిసి ఉంది. పటుక్కుమంది.

జనం తలో దిక్కుకి దొర్లారు. బావ ఎడమ కాలు తొట్టిలో పడింది. రెండోసారి తెచ్చిన నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. తొట్టి అంచు తగిలి తడిసిన సాక్సు జారి సగం ఊడింది. బావ ఒక్క కేక పెట్టాడు. కుట్లు పిగిలిన కేక.

వాసన లేచింది.

 పడ్డవాళ్లు పడ్డట్టే వెనక్కి జరిగారు. ఒకరు ముక్కు మూసుకున్నారు. ఒకరు గుమ్మం దాకా పోయారు. అయ్యగారు రెండడుగులు వెనక్కి వేసి వేదిక పట్టుకున్నారు. నేల నిండా తువ్వాళ్లే. ఒక్కరూ తువ్వాలు తియ్యలేదు. నేనూ తియ్యలేదు. రోజూ మురుగులో చెయ్యి పెట్టేవాణ్ణి, బావ కాలు చూసి చెయ్యి రాలేదు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

బావ సాక్సు పైకి లాక్కోవాలని చూశాడు. తడిసిన గుడ్డ పైకి రాలేదు.

"చూడొద్దు" అన్నాడు. "ఎవరూ చూడొద్దు. వాసనొస్తుంది."

అప్పుడు మాస్టారు లేచారు. కళ్లజోడు ఎక్కడో పడిపోయింది. తడుముకుంటూ వచ్చి తొట్టి దగ్గర కూలబడ్డారు. తన ఇస్త్రీ తువ్వాలు వెతుక్కుని నీళ్లలో ముంచారు.

"మీరు వద్దు" అన్నాడు బావ. "ఎవరైనా సరే, మీరు వద్దు మాస్టారూ."

"ఎందుకు వద్దు?"

"మీరు గెలుస్తారు."

మాస్టారు తువ్వాలు పిండారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు, కానీ ఆయన గొంతు తగ్గినా వెనక బెంచీకి వినపడుతుంది.

"టైలరుగారూ, నాకు ముక్కు పనిచెయ్యదండీ. చిన్నప్పటినుంచీ. పువ్వైనా పేడైనా ఒకటే నాకు. ఇప్పుడు అందరూ ఏ వాసనకి పారిపోతున్నారో కూడా నాకు తెలీదు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు."

"మరి ఆ కాలవ దగ్గర?" అంది పిన్ని నేల మీంచి.

"అదీ అంతే. అక్కడ అంత కంపు ఉందనే నాకు తెలీదు. అయ్యగారు ఏడ్చాక చెప్పలేకపోయాను. బాగుంది కదా అని ఊరుకున్నాను."

బావ ఆయన మొహంలోకి చూశాడు. నాకు తెలిసి ఆయన మాస్టారి మొహం చూడడం అదే మొదటిసారి. ఎప్పుడూ వీపే చూసేవాడు.

"ఆ కాలవ కోసం నేను చెప్పులు మానేశాను" అన్నాడు.

"అయ్యో" అన్నారు మాస్టారు. నిజంగా అన్నారు.

బావకి నవ్వొచ్చింది. నవ్వు మొదలై మధ్యలో ఏడుపైంది. ఏడుస్తూనే కాలు ముందుకి చాపాడు. ఎంతో బరువున్నదాన్ని జరిపినట్టు జరిపాడు. చాపి కళ్లు మూసుకున్నాడు.

"అమ్మాయికి కబురు పెడితే..." అన్నారు మాస్టారు.

"పెట్టండి."

అక్క అప్పటికే గుమ్మం దాటింది.

మాస్టారు కళ్లజోడు లేక ఏది పాదమో ఏది తొట్టో సరిగ్గా కనపడక తడుముతున్నారు. అప్పుడు పిన్ని వచ్చి ఆయన చెయ్యి పట్టి చోటు చూపించింది. ఇంకో చేత్తో ముక్కు మూసుకునే చూపించింది. "నాకు ముక్కు పనిచేస్తుందిరా నాయనా, ఏమనుకోకు" అంది. అయ్యగారు చెంబు పట్టుకున్నారు. నేను చల్లనీళ్లు కలిపాను.

డాక్టరమ్మ వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. తండ్రిలాగే గట్టి గొంతు.

"ఎన్నాళ్లైంది?"

బావ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇప్పుడే తీసుకురండి. నడిపించొద్దు, కాలు కింద పెట్టనివ్వొద్దు. ఇంకాస్త ఆలస్యమైతే పాదం నా చేతుల్లో ఉండదు."

ఉన్న ఒక్క కుర్చీ ముక్కలైంది. మొదటి బెంచీ పీకి, దాని మీద బావని కాళ్లు చాపి కూర్చోబెట్టాం. నలుగురం భుజాలకెత్తుకున్నాం. నేనూ, అయ్యగారూ ముందు. కళ్లు కనపడని మాస్టారు, పిన్ని వెనక. మిగతా సంఘం తువ్వాళ్లు పట్టుకుని చుట్టూ. ఎప్పుడూ కడపటి చోటు కోసం కొట్టుకు చచ్చిన మనిషి మొదటి బెంచీ మీద, అందరి తలలకంటే ఎత్తున, వీధి మధ్యలో ఊరేగుతున్నాడు. మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు.

"దించండ్రా" అన్నాడు. "నన్ను దించండి. అందరూ చూస్తున్నారు."

"కాలు కింద పెట్టకూడదంది" అన్నాను.

కొట్ల వాళ్లు బయటికొచ్చారు. "ఎవరాయన? ఏం గెలిచాడు?" అని అడిగారెవరో.

"వినయంలో ఫస్టొచ్చాడు!" అని అరిచింది పిన్ని.

బావ చేతుల సందుల్లోంచి నీళ్లు కారడం నేను చూశాను. నవ్వో ఏడుపో కింది నుంచి తెలియలేదు. మలుపు దగ్గర ఒంటి బూటు మనిషి ఎదురొచ్చాడు, బూటు కోసం వెనక్కొస్తున్నాడు పాపం. మా తువ్వాళ్లు చూసి మళ్లీ పరుగెత్తాడు.

డాక్టరమ్మ పెద్దాసుపత్రికి ఫోను చేసి, తనే వెంట వెళ్లింది. చిటికెన వేలూ, దాని పక్కదీ పోయాయి. పాదం మిగిలింది.

ఇప్పుడు ఆరాధనకి అందరం లోపలే కూర్చుంటాం. కాలు పైకి పెట్టుకోవాలని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి, ముందు జాగా ఉండే మొదటి బెంచీలోనే బావ కూర్చోవాలి. పీట మీద కట్టు కట్టిన కాలు అందరికీ కనపడుతూ ఉంటుంది. ఆయనకి అది నరకం. మొదట్లో చెవులదాకా ఎర్రబడేవాడు. పక్కన మాస్టారు కూర్చుని, పీట జారితే సర్దుతారు. వాళ్లిద్దరూ మంచి స్నేహితులయ్యారని చెప్పను. పీట ఎంత ఎత్తుండాలన్న దాని మీద పోట్లాడుకుంటారు.

కొట్టులో సాయంత్రం అయస్కాంతం ఈడ్చేది కూడా మాస్టారే. బావ వంగలేడు కదా.

"ఆ మూల వదిలేశారు మాస్టారూ."

"మూడుసార్లు లాగానయ్యా."

"నాలుగోసారి లాగండి. నా కాలే సాక్ష్యం."

నిన్న నేను అటు పోతే బావ బల్ల పక్కన కూర్చుని ఉన్నాడు. మాస్టారు ఇంకా రాలేదు. అక్క బజారుకి పోయింది. బావ నన్ను చూసి, కాలు చూసుకుని, బయటికి చూసి, మళ్లీ నన్ను చూశాడు. అడగడానికి చాలాసేపు పట్టింది. నేను తొందర పెట్టలేదు.

"ఒరేయ్ బామ్మర్దీ" అన్నాడు చివరికి. "వంగితే కట్టు లాగుతోంది. కాస్త ఈ సాక్సు తియ్యి."

"ఊఁ" అన్నాను.